రెండో వైపు మూడో పాట

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. ఈ మాట ఆయన మొహం మీదే వెయ్యిసార్లు అన్నాను. నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వడం తప్ప ఇంకేమైనా చేతనయ్యుంటే, ఇవాళ నేను మిషను ఆపి మీకీ సంగతంతా చెప్పాల్సిన ఖర్మ పట్టేది కాదు.

ఆయనది బైండింగు పని. మెట్ల కింద నా కుట్టు మిషను, మెట్ల పైన ఆయన గది. నా దగ్గరికి పొట్టయిన ప్యాంట్లూ, జిప్పు ఊడిన సంచులూ వస్తాయి. ఆయన దగ్గరికి వీపు విరిగిన పుస్తకాలొస్తాయి. ఆఫీసు రిజిస్టర్లు, ఆసుపత్రి చీటీల కట్టలు, లైబ్రరీలో పిల్లలు నమిలి వదిలిన బొమ్మల పుస్తకాలు. కాగితాలు విడదీసి, దారంతో మళ్ళీ కుట్టి, వీపుకి జిగురు రాసి, గుడ్డ అంటించి, ఇనుప ప్రెస్సులో పెట్టి బిగిస్తాడు. మర్నాటికి అది పెళ్ళికొడుకులా తయారై బయటికొస్తుంది. నలభై ఏళ్ళుగా అదే బల్ల, అదే సూది. ఆయన చొక్కా జేబు నేనెన్నిసార్లు మార్చినా నాలుగు రోజుల్లో జిగురు పట్టి అట్టముక్కలా అయిపోతుంది.

మా అక్క మొగుడు కాబట్టి బావ. అక్క పోయి పందొమ్మిదేళ్ళయింది. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు మొగుడున్నాడు గానీ ఉన్నా లేనట్టే, ఆ పురాణం ఇప్పుడొద్దు. బావకీ నాకూ, మా అబ్బాయికీ కోడలికీ కలిపి ఒకటే పొయ్యి. ఆయన తిని కంచం కడిగి పెట్టి, "బాగుంది చిన్నీ" అని పైకెళ్ళిపోతాడు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఇంకా చిన్నీనే.

అక్కది టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఉద్యోగం. చెవులకి యంత్రం తగిలించుకుని, తీగలు ఈ కంతలోంచి ఆ కంతలోకి మారుస్తూ రోజంతా "నంబరు చెప్పండి" అనేది. ఆ రెండు ముక్కలే వినడానికి ఊరికే ఇంకోసారి చేసేవాళ్ళుండేవారట. బావ అక్కడి రిజిస్టర్లు బైండింగుకి తెచ్చుకోవడానికి వెళ్ళి ఆ గొంతు విన్నాడు. ఒక్క రిజిస్టరు కోసం నాలుగుసార్లు వెళ్ళాడు మహానుభావుడు. నోరు లేకపోతేనేం, చెవులు మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు.

సెలవు రోజుల్లో అక్క స్టూడియోకి కోరస్ పాడటానికి వెళ్ళేది. కోరస్ అంటే తెలుసుగా, పదిమంది ఆడవాళ్ళు ఒకే మైకు ముందు నిలబడి ఆ... ఓ... అంటారు. అట్ట మీద వాళ్ళ పేర్లుండవు, "బృందం" అని ఉంటుంది. అలా చాలా రికార్డుల్లో పదిమందిలో ఒకతిగా పాడింది. ఒక్కదాంట్లో మాత్రం ఒక్కతే పాడింది. "మలుపు దీపాలు" అని ఎనిమిది పాటల రికార్డు. రెండో వైపు మూడో పాట తీసేరోజు అసలు గాయనికి దగ్గు తెరలు మొదలయ్యాయి. చివరి చరణానికి ముందు రెండే రెండు లైన్లు మిగిలిపోయాయి, స్టూడియో వాళ్ళేమో టైమైపోయిందని తలుపు కొడుతున్నారు. పాటలు కట్టినాయన చిరాకుపడి కోరస్ వైపు చూసి, "ఏయ్, నీలం చీరమ్మాయ్, ఈ రెండు లైన్లూ నువ్వనేయ్" అన్నాడట. అక్క అనేసింది.

"తలుపు తీసే ఉంచాను, గాలొచ్చి కూర్చుంది. కూర్చున్న గాలికే కుశలం చెప్పాను."

అంతే. పదకొండు సెకన్లు. బావ వాచీ పెట్టి మరీ చూశాడు. లోకంలో మా అక్క గొంతు మిగిలింది ఆ పదకొండు సెకన్లే. ఫొటోలు సూట్‌కేసు నిండా ఉన్నాయి, కానీ ఫొటో పలకదు కదా. ఆ రోజుల్లో ఇంట్లో మాటలు ఎవరు రికార్డు చేసుకున్నారు? మనిషి ఎదురుగా కూర్చుని వాగుతుంటే దాన్ని డబ్బాలో దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? పైగా అది ఎక్కువ మాట్లాడేది, నేనే చాలాసార్లు "కాసేపు నోరు మూసుకోవే" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

అరిగిపోతుందని బావ ఆ రికార్డుని నెలకోసారే పెట్టేవాడు. మొదటి ఆదివారం పొద్దున. నేను కింద మిషను ఆపేసి మెట్ల మీద కూర్చునేదాన్ని. ఫోనులోకి ఎక్కించుకో బావా, కోడలు చేసిపెడుతుంది అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "ఆడుతోందిగా, చూద్దాంలే" అనేవాడు. అదీ ఆయన వరస.

ఇక ఆ ఆదివారం మంద సంగతి. "శ్రోతల బృందం" అని వాళ్ళు పెట్టుకున్న పేరు. నేను మంద అనే అంటాను. రేడియో మెకానిక్ షాపు వెనక గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం నాలుక్కి చేరతారు. గది నిండా విప్పేసిన రేడియోలు, మధ్యలో మంచి ప్లేయరు, చుట్టూ కుర్చీలు. ముఖ్యమైనవాళ్ళు ముగ్గురు. షాపు మెకానిక్కు, నాలుగువేల రికార్డులున్న పళ్ళ డాక్టరు, ఏ రికార్డు ఏ సంవత్సరంలో ఏ రంగు లేబుల్‌తో వచ్చిందో గుక్క తిప్పుకోకుండా చెప్పే లెక్కల మాస్టారు. మిగతావాళ్ళు తలలూపడానికి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

వాళ్ళకి మూడు కట్టుబాట్లు. ఒకటి, వరసగా ఒక్కొక్కరూ ఈ వారం ఏ రికార్డు వింటున్నారో చెప్పాలి, రెండు వైపులా పూర్తిగా విని ఉండాలి. రెండోది, ఎవరైనా "అడుగుతున్నాను" అంటే ఆ రికార్డు వారం రోజులు వాళ్ళకివ్వాలి, కారణాలు చెప్పకూడదు. మూడోది ఇంకా ముచ్చటైనది. సొంత గొడవలు చెప్పకూడదు. మా నాన్న వినేవాడు, మా ఆవిడకిష్టం, వింటే ఏడుపొచ్చింది, ఇలాంటివి కుదరవు. పాట గురించే చెప్పాలి, శబ్దం గురించే చెప్పాలి. ఒకసారి ఎవరో పాపం "మా అమ్మ ఈ పాట..." అని మొదలుపెడితే లెక్కల మాస్టారు "అమ్మగారిని ఇంటి దగ్గర దింపేసి రండి" అన్నాడట. అందరూ పగలబడి నవ్వారట. అది చెప్పి బావ కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ఎనిమిదేళ్ళుగా వెళ్తున్నాడు మా బావ. ఆయన సొంతానికి ఉన్నవి ఆరో ఏడో రికార్డులు. మిగతావన్నీ అక్కడ వాళ్ళంతట వాళ్ళిస్తే తెచ్చుకుని విన్నవే, ఎక్కువ భాగం పళ్ళ డాక్టరువి. బదులుగా వాళ్ళ చిరిగిన అట్టలన్నీ అతికిపెట్టేవాడు. మూలలకి గుడ్డ వేసి, వీపు నిలబెట్టి, కొత్తదానికన్నా బలంగా చేసిచ్చేవాడు. అక్కడ ఆయన పేరు "అట్టలాయన". పేరడిగిన పాపాన పోలేదు ఒక్కడూ. నా చేత కూడా నూటయాభై మెత్తటి గుడ్డ సంచులు కుట్టించుకున్నారు, గీతలు పడకుండా రికార్డులు పెట్టుకోవడానికి. నేను వాటిని ఇవ్వడానికి వెళ్ళిన రోజే ఇదంతా మొదలైంది. మొదలుపెట్టింది కూడా నేనే.

దారిలో బావని దెప్పాను. "ఎంతసేపూ వాళ్ళవి తెచ్చుకుని వాళ్ళకే అప్పజెప్పడమేనా? ఎనిమిదేళ్ళలో ఒక్కరోజైనా నీదంటూ ఒకటి చెప్పావా? నీ దగ్గర లేదా ఏంటి?" ఆ రోజు నెలలో మొదటి ఆదివారం. పొద్దునే "మలుపు దీపాలు" పెట్టాడు. బావ ఇంటికి వెనక్కెళ్ళి దాన్ని చంకలో పెట్టుకొచ్చాడు. నేను సంతోషించాను కూడా. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

ఆయన వంతు వచ్చింది. "ఈ వారం 'మలుపు దీపాలు' వింటున్నానండీ" అన్నాడు. లెక్కల మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఓహో, ఎర్ర లేబుల్. మొదటి ముద్రణ. ఏమిటండీ దాంట్లో విశేషం?"

"రెండో వైపు మూడో పాట బాగుంటుందండీ."

"బాగుంటుంది అంటే చాలదు. ఏం బాగుంటుందో చెప్పాలి."

"చివరి చరణం ముందు గొంతు మారుతుందండీ. ఆ మారడం బాగుంటుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. పళ్ళ డాక్టరు మాత్రం ముందుకి వంగి, "అడుగుతున్నాను" అన్నాడు.

బావ నా వైపు చూశాడు. అది మా అక్క గొంతండీ, ఇవ్వడం కుదరదండీ అని నేను అనొచ్చు. నేను ఆ బృందంలో మనిషిని కాదు, ఆ కట్టుబాట్లు నాకు లేవు. నేను నోరు తెరిస్తే వీధి చివరి దాకా వినిపిస్తుందని పేరు. ఆ రోజు ఆ కుర్చీల మధ్య, ఆ కళ్ళజోళ్ళ మధ్య నాకెందుకో నోరు రాలేదు. అమ్మగారిని దింపేసి రండి అన్నట్టు, మీ అక్కగారిని దింపేసి రండి అంటాడేమోనని సిగ్గేసింది. బావ రికార్డుని రెండు చేతుల్తో పట్టుకుని డాక్టరుకి ఇచ్చేశాడు.

వీధిలోకొచ్చాక పట్టుకున్నాను. "ఎందుకిచ్చావు?"

"ఎనిమిదేళ్ళుగా ఆయనవి తెచ్చుకుంటున్నాను చిన్నీ. ఒక్కటి అడిగితే లేదని ఏ మొహంతో అంటాను? వారమేగా."

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. ఆ వారమంతా ఆయన చెయ్యి పని మీద నిలవలేదు. ఒక ఆసుపత్రి రిజిస్టరుకి అట్ట తలకిందులుగా వేశాడు. నలభై ఏళ్ళలో అలా ఎప్పుడూ చేసి ఎరగడు.

ఆ పై ఆదివారం కాగితంలో చుట్టిన పొట్లంతో తిరిగొచ్చాడు. పళ్ళ డాక్టరు దాన్ని అందరి ముందూ చేతిలో పెట్టాడట. "మీ రికార్డు నిండా గీతలండీ, విని బాధపడ్డాను. ఎనిమిదేళ్ళుగా మా అట్టలన్నీ బాగుచేస్తున్నారు, మీకు మేమేం చేశాం? నాలుగు చోట్ల వాకబు చేసి తెప్పించాను. ఎవరూ సూది పెట్టనిది. ఇవాళ్టి నుంచి ఇది మీది" అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. లెక్కల మాస్టారు కూడా కొట్టాడు, ఇది గుర్తుపెట్టుకోండి. "పాతది?" అని బావ అడిగితే డాక్టరు కన్ను గీటి, "దానికి వేరే ఏర్పాటు చేశాను, ఒకసారి క్లినిక్కుకి వచ్చినప్పుడు చూద్దురుగాని" అన్నాడట.

నేను కింద ఒక లంగా అంచు విప్పుతున్నాను. పైనుంచి పాట మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. తర్వాత బావ మెట్ల మీదకొచ్చి, "చిన్నీ, ఒకసారి పైకి రా" అన్నాడు.

వెళ్ళాను. సూది పెట్టాడు. పాట ఎంత శుభ్రంగా ఉందంటే, పక్కనే కూర్చుని పాడుతున్నట్టుంది. చివరి చరణం ముందు గొంతు మారింది. "తలుపు తీసే ఉంచాను..." తీయటి గొంతు. శ్రుతి ఎక్కడా తప్పలేదు. మా అక్క కాదు.

"వేరే పాట మీద పెట్టావేమో చూడు" అన్నాను తెలివితక్కువగా. మాటలు అవే కదా మరి. మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ ఆ ఎవరో మహాతల్లి గాలికి కుశలం చెప్పింది. అప్పుడు చూశాను, లేబుల్ నీలం రంగులో ఉంది.

బావ మంచం మీద కూర్చుండిపోయాడు. "పాతది డాక్టరుగారి దగ్గరే ఉంటుంది. రేపు అడిగి తెచ్చుకుందాం" అన్నాడు. అప్పటికింకా ఇద్దరం అదే అనుకున్నాం. అడిగితే ఇస్తాడు, అంతేగా.

పొద్దున్న పదింటికి క్లినిక్కుకి వెళ్ళాం. దవడలు పట్టుకుని నలుగురైదుగురు కూర్చున్నారు. ఎదురు గోడ మీద గడియారం. బావే ముందు చూశాడు. నల్లటి గుండ్రటి గడియారం, అంచులు కోసి, వేడిచేసి, పూరేకుల్లా వంచారు. రెండో వైపు పైకొచ్చేట్టు పెట్టి, గీతల మీద తెల్లటి అంకెలు అంటించారు. మధ్యలో ముల్లు తిరుగుతోంది. ముల్లు కింద ఎర్ర లేబుల్.

నేను గట్టిగా ఏదో అరిచాను, ఏమరిచానో నాకు తెలీదు. దవడ పట్టుకున్న ఒకావిడ దవడ వదిలేసి నన్ను చూసింది. డాక్టరు చేతి తొడుగులతోనే బయటికొచ్చాడు. మమ్మల్ని చూసి మొహం విప్పారింది. "చూశారా! ఎంత అందంగా వచ్చిందో! మీ పాత రికార్డు వృథా పోకూడదని..."

"అది మా అక్కండీ!" అన్నాను. "ఆ పాటలో ఆ రెండు లైన్లూ మా అక్కవి. ఈయన పెళ్ళాం. పోయి పందొమ్మిదేళ్ళయింది. దాని గొంతు ఇంకెక్కడా లేదు. మీరిచ్చిన కొత్తదాంట్లో లేదు. మీరు దానికి ముల్లు గుచ్చి గోడకి కొట్టారు!"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అబద్ధమెందుకు చెప్పాలి, మనిషి చెడ్డవాడు కాదు. అక్కడే రోగులు కూర్చునే బల్ల మీద కూలబడ్డాడు. "ఒక్క మాట... ఒక్క మాట చెప్పి ఉంటే..." అన్నాడు బావ వైపు చూసి.

"సొంత సంగతులు చెప్పకూడదు కదండీ" అన్నాడు బావ. దెప్పిపొడవడం కాదది. ఆయనకి దెప్పడం రాదు. నిజంగానే అదొక కారణమన్నట్టు చెప్పాడు. నాకైతే ఇద్దర్నీ పట్టుకుని గోడకేసి బాదాలనిపించింది. అడక్కుండా మేలు చేసినందుకు ఒకణ్ణి, అడిగితే ఇచ్చినందుకు ఇంకొకణ్ణి.

గడియారం ఇంటికి తెచ్చుకున్నాం. జిగురు ఊడదీయడం బావకి వెన్నతో పెట్టిన విద్య. తడిగుడ్డ వేసి, ఆవిరి పట్టి, మూడు రోజులు కూర్చుని ఒక్క గీత చెడకుండా పన్నెండు అంకెలూ తీశాడు. మూడో పాట గీతలు అలాగే ఉన్నాయి, కోసింది అంచులే. కానీ వేడికి రికార్డు మెలికపడింది, సూది నిలవక జారిపోతోంది. దాన్ని సాపు చేస్తే చాలు. వంకర తిరిగిన అట్టని సాపు చేసినట్టే రెండు చెక్కల మధ్య పెట్టి, ప్రెస్సులో వేసి, రోజుకింత బిగిస్తూ వచ్చాడు. ఐదో రోజు నేను కింద ఉండగా టప్ మని చప్పుడైంది. పరిగెత్తాను. రెండు ముక్కలు. పుస్తకానికి పనికొచ్చింది దీనికి పనికి రాలేదు. బావ ప్రెస్సు పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నేనే బిగించాను చిన్నీ" అన్నాడు.

ఆ ఆదివారం నేనే మంద మీదికి వెళ్ళాను. ఎవరేమనుకున్నా సరేనని గదిలో నిలబడి మొత్తం చెప్పాను, సొంత గొడవంతా, మొదట్నుంచీ చివరిదాకా. ఎవరూ నవ్వలేదు. అప్పుడు లెక్కల మాస్టారు సర్దుకుని కూర్చుని, "ఔనమ్మా, నీలం లేబుల్‌కి కోరస్ అంతా మళ్ళీ పాడించారు. మూల టేపు పాడైందట. ఆ రెండు లైన్లు కూడా అందులోవే" అన్నాడు.

"మీకు తెలుసా?"

"తెలీకపోవడమేమిటి?" అన్నాడు, కాస్త గర్వంగానే.

"మరి డాక్టరుగారు నీలం లేబుల్ చేతిలో పెడుతుంటే చప్పట్లెందుకు కొట్టారు?"

"ఆయనంత సంతోషంగా ఇస్తుంటే, మధ్యలో నేనెందుకు..." అని ఆపేశాడు.

తర్వాత అందరూ వెతికారు. పళ్ళ డాక్టరు మనస్ఫూర్తిగానే వెతికాడు, తెలిసినవాళ్ళందరికీ రాశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మూడు "మలుపు దీపాలు" దొరికాయి, మూడూ నీలమే. ఇంకో తమాషా ఏంటంటే, మా గొడవతో ఆ రికార్డుకి పేరొచ్చింది. ఎర్ర లేబుల్‌లో అసలు గొంతు ఉందట, అది వింటే కథే వేరట, అని ఒక్కసారి కూడా విననివాళ్ళు ఆదివారం ఆదివారం చెప్పుకోవడం మొదలుపెట్టారు. దొరకనిదైంది కాబట్టి అందరికీ కావాల్సిందైంది. బావ మూల కుర్చీలో కూర్చుని వింటూ వాళ్ళ అట్టలు అతికేవాడు. మానెయ్ బావా అంటే, "ఎవరికైనా దొరికితే అక్కడికే కదా తెస్తారు" అనేవాడు.

పధ్నాలుగు నెలలకి దొరికింది. లెక్కల మాస్టారికి.

నేనూ వెళ్ళాను. ఆ రోజు గదిలో కుర్చీలు చాలక మనుషులు గుమ్మంలో నిలబడ్డారు. మాస్టారు రికార్డుని అంచులు మాత్రమే తాకుతూ బయటికి తీశాడు. బావ లేచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆ మాటన్నాడు. "అడుగుతున్నానండీ."

మాస్టారు ఇబ్బందిగా నవ్వాడు. "అన్నిటికీ ఆ కట్టుబాటు పనికిరాదండీ. ఇంత అరుదైంది. మీ ప్లేయరు సూది కూడా పాతది, అరగదీస్తుంది. ఇక్కడే విందాం, మీకోసమే కదా తెచ్చింది."

"పోనీ ఫోనులో పట్టుకుంటాను" అన్నాను నేను.

"ఫోనులు లోపల పెట్టండమ్మా. కాపీలు బయటికెళ్తే దీనికిక విలువేం ఉంటుంది?"

పెట్టాను. లోపలే పెట్టాను, సంచిలో, కత్తెర పక్కన. మీట నొక్కి మరీ పెట్టాను. పళ్ళ డాక్టరు చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఆ ఒక్కదానికి ఆయన్ని సగం క్షమించాను.

పాట వచ్చింది. చివరి చరణం దగ్గరికొచ్చింది. మా అక్క పాడింది. పధ్నాలుగు నెలల తర్వాత, ఆ కొంచెం ముక్కుతో పలికే గొంతుతో, "కూర్చున్న" అన్నచోట ఊపిరి చాలక చిన్నగా తడబడుతూ పాడింది. నాకు ఇంకేం వినపడలేదు, ఇంకేం కనపడలేదు. బావ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయాక మనుషులు ఏదో మాట్లాడుకుంటున్నారు. మేమిద్దరం లేచి వచ్చేశాం.

ఆ పై ఆదివారం బావ ఇంకోసారి పెట్టమని అడగడానికి వెళ్తే రికార్డు లేదు. మాస్టారు ఎక్కడో దూరాన ఉన్న ఇంకో పిచ్చివాడికి ఇరవై రెండు రికార్డులకి మారకం చేసేశాడు. "ముందే మాటిచ్చేశానండీ. మనం విన్నాం కదా, మీరూ విన్నారు కదా" అన్నాడట. ఎద్దు పుండు కాకికి నొప్పా?

పోతే పోనీ, నా ఫోనులో ఉందిగా అనుకున్నాను. వారం రోజులు దాన్ని తెరవలేదు, ఎప్పట్లా ఆదివారం నాడే బావతో కలిసి విందామని. ఆ రోజు పైకెళ్ళి, ఆయన పక్కన కూర్చుని, ఫోను బల్ల మీద పెట్టి మీట నొక్కాను. ముందు సంచి గుడ్డ గరగర. తర్వాత దూరంగా పాట. చివరి చరణం దగ్గరికొచ్చింది. బావ ముందుకి వంగాడు.

"ఆ, ఇప్పుడు, ఇప్పుడు వినండి" అన్నాడు లెక్కల మాస్టారు. ఫోనులోంచి, గట్టిగా, మా పక్కనే కూర్చున్నట్టు. "ఇదే, ఇదే గొంతు. శిక్షణ లేదు చూడండి. ఆ ఊపిరి తీసుకోవడం గమనించారా? అదీ, అక్కడ తడబడింది." ఎవరో ఆహా అన్నారు. ఇంకెవరో, స్పష్టంగా ఉందండీ అన్నారు. పదకొండు సెకన్లు అయిపోయాయి.

గదిలో ఉన్నప్పుడు వాళ్ళు మాట్లాడుతున్నారని కూడా మాకు తెలీలేదు. చెవి తనకి కావాల్సింది ఏరుకుంది. ఫోనుకి ఆ తెలివి ఎక్కడిది? పైగా మాస్టారు నా సంచి పక్కనే కూర్చున్నాడు.

నేను తల పట్టుకున్నాను. బావ మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టాను. నాలుగోసారికి, "మొదట్లో 'తలుపు' అన్నది వినపడుతోంది చిన్నీ, ఆయన 'ఆ' అనే ముందు" అన్నాడు. "నా ఫోనులోకి పంపు."

పంపాను. ఇప్పుడు నెలకోసారి కాదు, అరిగేదేముంది, రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు పెట్టుకుంటాడు. నేను మిషను ఆపి మెట్ల మీదికి వెళ్ళడం మానేశాను. అయినా వినపడుతూనే ఉంటుంది. మా ఇంట్లో రోజూ పలికే గొంతు మా అక్కది కాదు, లెక్కల మాస్టారిది.